పాడైన కుంచె

మే 27, మంగళవారం

ఈ నోటుపుస్తకం అక్షరాల నమూనాలు గీసుకోవడానికి కొన్నాను. ముందు పేజీల్లో నమూనాలున్నాయి. వెనకనుంచి తిప్పి ఇది రాస్తున్నాను. రంగు అంటుకుంటుందని నా భార్య ఆబా దీని జోలికి రాదు కాబట్టి ఎవరూ చదవరు.

మంగళవారం సముద్రానికి సెలవు. పడవలన్నీ ఇసకమీదే ఉంటాయి కనుక నాకు ఊపిరాడని పని. పొద్దున జాలరి కుర్రాడు ఫీఫీ పడవకి పేరు రాశాను. చిన్న పేరే, మధ్యలో ఇంగ్లీషు 'ఓ', అంటే ఒక సున్నా. నలభై ఏళ్ళుగా సున్నాలు చుడుతున్నవాణ్ణి. ఒక ఊపులో కుడివైపు, ఇంకో ఊపులో ఎడమవైపు, అంతే. ఇవాళ ఎడమవైపు దిగుతుండగా గీత వణికింది. ఫీఫీ గమనించలేదు. "అదిరింది పెయింటర్ బాబాయ్" అని మోటారు విప్పుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను గమనించాను.

ఇంటికొచ్చి కుంచెని ఎండకెత్తి చూశాను. వెంట్రుకలు రేకులోకి దూరేచోట ఎర్రరంగు కాస్త గడ్డకట్టి ఉంది. అదీ సంగతి. మొదట్లో రంగు గట్టిపడితే వెంట్రుకలు విడిపోతాయి, విడిపోతే గీత వణుకుతుంది. మూడుసార్లు కడిగాను.

కుంచెదే తప్పు.

మే 28

కుంచె ఆరింది. మొన చక్కగా కూడింది. అయినా మళ్ళీ కడిగాను.

మే 30, శుక్రవారం

మాన్సా అక్క వచ్చింది. వస్తూనే గుమ్మంలోంచి కేక.

"ఏమయ్యా కొబినా! రేవులో కనపడవు, చర్చిలో కనపడవు. ఇంట్లో కూచుని గిన్నెలు తోముతున్నావా?"

"గిన్నెలు కాదక్కా, కుంచెలు."

"తోము, తోము. ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడిపోయేదాకా తోము. నా పడవ సంగతేంటి?"

మా ఊరు ఎల్మినా రేవులో చేపలమ్మే ఆడవాళ్ళందరికీ ఆవిడే పెద్ద. ఆవిడ నోటికి జడిసి పడవ యజమానులు కూడా పక్కకి తప్పుకుంటారు. ఆవిడకో పెద్ద పడవ ఉంది, పేరు 'నానా ఎసీ'. ఆవిడ తల్లి పేరు. ఇరవై రెండేళ్ళ క్రితం కొత్త పడవ మీద ఆ పేరు రాసింది నేనే, ఏటా మళ్ళీ దిద్దుతున్నదీ నేనే. జూలై మొదటి మంగళవారం వచ్చే బకాటువే పండగనాడు పెద్దపూజారి బెన్యా కాలవలో వల విసిరాక పడవలన్నీ బారులు తీరి వెళ్తాయి. అందులో నానా ఎసీ ఎప్పుడూ ముందు వరసలో ఉంటుంది. ముసలావిడ కాలవ గట్టుమీద కుర్చీ వేయించుకుని తన పేరు తనే చూసుకుని నవ్వుకునేది. ఫిబ్రవరిలో పోయింది.

మాన్సా అక్క గొంతు తగ్గించింది. "ఈ ఏడు ఆ కుర్చీ ఖాళీ, కొబినా. పేరు మాత్రం బ్రహ్మాండంగా ఉండాలి. పాతరంగు గీకించేస్తా, కొత్తగా రాయి. పదిహేడో తారీకుకల్లా అయిపోతే ఆరడానికి రెండు వారాలుంటుంది."

"అవుతుందిలే అక్కా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూసి చెప్పాను.

జూన్ 1, ఆదివారం

కడిగాను. రెండుసార్లు.

జూన్ 3, మంగళవారం

రేవుకి వెళ్ళలేదు. కుంచె సంగతి తేలేవరకు వెళ్ళకపోవడమే మంచిది.

ఇది మా మేనమామ క్వేకూ మామయ్య కుంచె. ఉడుత వెంట్రుకలు, చూపుడువేలంత పొడుగు. మనవైపు ఆస్తి మేనల్లుడికి వస్తుంది కదా, నాకు ఆస్తిగా వచ్చినవి ఈ కుంచెలే. మామయ్య చివరి రోజుల్లో వీటిని పాడుచేసేశాడు. పాడైపోయాయని ఆయనే నాకిచ్చేశాడు. నేను ఏడు రోజులు కిరసనాయిలుతో, నల్లసబ్బుతో కడిగి, షియా గింజల వెన్న పట్టించి వాటికి ప్రాణం పోశాను. ఈ సంగతి ఎల్మినాలో అందరికీ తెలుసు. నేనే వందసార్లు చెప్పి ఉంటాను.

ఒకసారి ప్రాణం పోసినవాణ్ణి, మళ్ళీ పోయలేనా?

జూన్ 5

కిరసనాయిలులో ఏదో కలుపుతున్నారు. కొట్టు మార్చాను.

జూన్ 8, ఆదివారం

చర్చిలో పాటల పుస్తకం ఊగింది. ఫ్యాను గాలి. నేను కూచున్నది సరిగ్గా ఫ్యాను కిందే.

ఆబా ఈమధ్య టీ సగం కప్పే పోస్తోంది. పాలపొడి పొదుపు చేస్తోందేమో. ఆమె చేసే దొకొను, ఆ పులిసిన మొక్కజొన్న ముద్దల అమ్మకాలు తగ్గాయా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

జూన్ 10, మంగళవారం

పెరట్లో చెక్కమీద 'ఎస్' అక్షరం రాసి చూశాను. నానా ఎసీలో కష్టమైనదంతా ఆ ఎస్‌లోనే ఉంది. మొదటి మలుపు తిరిగి రెండోదానికి ఒదగాలి, మధ్యలో ఆగకూడదు. పన్నెండు రాశాను. పన్నెండూ వణికాయి. కుంచె మార్చి రాశాను. అదీ అంతే. అంటే రెండు కుంచెలూ పాడయ్యాయి. ఒక్కసారే రెండూ ఎలా పాడవుతాయి? ఎవరో సరిగ్గా కడగలేదు.

పక్కింట్లో మా మేనకోడలు ఎఫువా కుట్టుపని చేసుకుంటుంది. చిన్నప్పుడు ఆరేళ్ళపాటు బడి వదలగానే వచ్చి నా కుంచెలు కడిగేది. గోడ మీంచే పిలిచాను.

"ఎఫువా! పోయిన నెల నేను లేనప్పుడు నా కుంచెలు ముట్టుకున్నావా?"

మెషీన్ ఆపింది. "నీ కుంచెలు నేను ముట్టుకుని పదమూడేళ్ళయింది మామయ్యా."

"మరి నీ కొట్టుకి బోర్డు రాశావుగా, దేంతో రాశావు?"

"బజార్లో కొన్నదాంతో. ఏం, బాలేదా?"

"ఏదో ఉంది."

"ఏదో అంటే?"

"ఎస్ ఫర్వాలేదు. మిగతావి తిండి లేనట్టున్నాయి."

నవ్వింది. "సరే, నువ్వు రాసిన ఆ చెక్క కూడా ఇటు తిప్పు, చూస్తా."

తిప్పలేదు. చెక్కని బోర్లించి దానిమీద కూర్చున్నాను. రంగు ఆరలేదని లేచాక తెలిసింది.

జూన్ 11

ఆ ప్యాంటు ఉతకడానికి ఆబా అరగంట కష్టపడింది. ఒక్క మాట అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

జూన్ 13, శుక్రవారం

కుంచె సంగతి ఫీఫీకి చెప్పాను. కుంచె సంగతి మాత్రమే.

"అంతేనా బాబాయ్? ప్రీమిక్స్‌లో నానబెట్టు. మోటారు నట్లు ఎంత తుప్పు పట్టినా మేం అందులోనే వేస్తాం. మూడ్రోజుల్లో వెన్నలా తిరుగుతాయి."

ఒక డబ్బాడు ఇచ్చాడు. పడవ మోటార్లకి పోసే, నూనె కలిపిన పెట్రోలు. వాసన ఇల్లంతా పట్టింది. కుంచెని నిలబెట్టకుండా డబ్బా అంచుకి దారంతో కట్టి వేలాడదీశాను, వెంట్రుకలు అడుగున ఆనకుండా. ఆ మాత్రం నాకు తెలుసు.

జూన్ 14

తీసి చూశాను. మెత్తబడింది. మళ్ళీ వేశాను.

జూన్ 15

భలే మెత్తబడింది. వేళ్ళమధ్య జారుతోంది. ఎందుకు ముందే తోచలేదో.

రాత్రికి నిద్ర పడుతుంది.

జూన్ 17, మంగళవారం

రాశాను!

మాన్సా అక్క పడవ ముక్కుకి రెండువైపులా నీలంమీద పసుపు. తెల్లారగానే వెళ్ళాను, చూసేవాళ్ళు ఉండరని. కుడి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని రాశాను. పెద్ద అక్షరాలకి చాలామంది అలాగే పట్టుకుంటారు. నేను ఇదివరకు పట్టుకునేవాణ్ణి కాదు, కానీ వయసొచ్చాక పద్ధతులు మారుతాయి. కుంచె నూనెలో తేలినట్టు సాగింది. వణుకు లేదని కాదు, కానీ రంగు ఎంత జారుగా పరుచుకుందంటే వణుకంతా అందులో కలిసిపోయింది.

మాన్సా అక్క నడుంమీద చేతులేసుకుని చాలాసేపు చూసింది.

"ఎస్ ఏంటి, నిండు చూలాలిలా ఉంది?"

"దూరంనుంచి చూడక్కా. కాలవ గట్టుమీంచి చూస్తే సరిగ్గా కనపడుతుంది."

వెనక్కి నడిచింది. ఇంకా వెనక్కి నడిచింది. "ఇంకెంత దూరం పోనూ, కేప్ కోస్ట్ పట్నం దాకానా?" అంది. కానీ నవ్వింది. నవ్వింది కాబట్టి ఫర్వాలేదు.

జూన్ 18

రంగు ఆరలేదు. మబ్బుగా ఉంది.

జూన్ 19

ఆరలేదు. ఎండ బాగానే కాసింది. వేలు పెడితే అంటుకుంటోంది. ఎనామిల్ రంగు రెండు రోజులు ఆరకపోవడం నేనెరగను.

ఆకలి లేదు.

జూన్ 20, శుక్రవారం

మధ్యాహ్నం మాన్సా అక్క నన్ను చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్ళినంత పని చేసింది. పడవ చుట్టూ జనం. పసుపు రంగు కిందికి కారి నీలంమీద చారలు కట్టింది. చేపల పొలుసులు, ఇసక, కోడి ఈకలు అంటుకున్నాయి. 'నానా' దగ్గర ఒక బతికున్న ఈగ కాళ్ళు పీక్కుంటోంది.

"మా అమ్మ పేరుకి కోడి ఈకలా? కొబినా, నేను నీకేం ద్రోహం చేశాను?"

"అక్కా, ఇది..."

"చచ్చినావిడ చూస్తూ ఉంటుంది, తెలుసా? ఏం రంగు కలిపావు? పామాయిలా?"

ఫీఫీ వేలితో తీసి వాసన చూశాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ప్రీమిక్స్" అన్నాడు మెల్లిగా. "బాబాయ్, నానబెట్టాక కిరసనాయిలుతో కడగలేదా?"

కడగలేదు. ఎంత మెత్తగా ఉందో పోతుందేమోనని కడగలేదు. మోటారు నూనె వెంట్రుకల మొదట్లో ఉండిపోయి, రంగులోకి దిగి, దాన్ని ఆరనివ్వలేదు. మొదటి సంవత్సరం నేర్చుకునేవాడు కూడా చేయని తప్పు.

అందరూ నన్నే చూస్తున్నారు, నాకేమో లోపల ఎంత సంతోషంగా ఉందో ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. కుంచెదే తప్పు! రుజువైంది! అందరిముందూ రుజువైంది!

జూన్ 21, శనివారం

కిరసనాయిలు గుడ్డతో మొత్తం తుడిచేశాను. రెండు గంటలు పట్టింది. పడవ ముక్కు ఉత్త నీలం. దారేపోయే ప్రతివాడూ ఆగి చూసి పోతున్నాడు. పండగకి పదిరోజులుంది, పేరులేని పడవ.

మాన్సా అక్క ఇవాళ అరవలేదు. ఇసకమీద కూచుంది.

"పేరు లేకుండా దాన్ని కాలవలోకి దించను, కొబినా. ఊరంతా వెళ్తే వెళ్ళనీ, నేను ఇక్కడే ఇలాగే కూచుంటా. ఇంకొకడిచేత రాయించనా అంటే, ఆ పేరు మొదట రాసినప్పుడు మా అమ్మ నీకు తన చేత్తో అన్నం పెట్టింది. నువ్వే చెప్పు, ఏం చెయ్యను?"

అరిచినా బావుండేది.

జూన్ 22, ఆదివారం

చర్చినుంచి రాగానే ఎఫువా పెరట్లోకి వచ్చింది. ఆదివారం చీటీబట్ట గౌనులోనే ఉంది. కూచుని, "ఏదీ, ఇలా ఇవ్వు" అంది. కుంచె ఇచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "మామయ్యా!" అంది, అంతే.

రెండు డబ్బాల్లో కిరసనాయిలు పోసింది. మొదటి డబ్బా మురికికి, రెండోది శుభ్రానికి. నేను నేర్పిందే. మొదటిదాంట్లో ముంచి, రేకు దగ్గర బొటనవేలితో నొక్కి కిందికి లాగింది. నల్లని నూనె దారంలా కారింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ లాగింది. ఎన్నిసార్లో. నేను పక్కన పీటమీద కూచుని చూస్తున్నాను. నూనె ఆగాక రెండో డబ్బా. ఆ తర్వాత అరచేతిలో నల్లసబ్బు వేసుకుని నురగలో గుండ్రంగా తిప్పింది. మొదటి నురగ గోధుమరంగు, రెండోది బూడిదరంగు, మూడోది తెలుపు. నాలుగోసారి ఎందుకూ అన్నాను.

"నువ్వేగా అనేవాడివి, తెల్లనురగని నమ్మకూడదని."

నిజమే, నేనే అనేవాణ్ణి.

కడిగి, గుడ్డతో అద్ది, గోరంత షియావెన్న తీసుకుని వేడిచేతిలో కరిగించి వెంట్రుకలకి రాసింది. మొన కూడేలా పెదాలమధ్య పెట్టి లాగింది. తలకిందులుగా తీగకి కట్టింది.

"రేపు చూసుకో" అంది.

ఆరేళ్ళు కడిగించుకున్నాను. ఒక్కరోజైనా రంగులో ముంచి ఇవ్వలేదు. ఆడపిల్ల పడవలమీద పేర్లేం రాస్తుందని. ఒకసారి అడిగింది కూడా. "ముందు కడగడం నేర్చుకో" అన్నాను. అప్పటికే ఆమెకి నాకంటే బాగా వచ్చు.

జూన్ 23

వంకపెట్టడానికి ఏమీ లేదు. మామయ్య చేతిలో కొత్తగా ఉన్నప్పుడు కూడా ఇలా ఉండి ఉండదు. వెన్న కడిగేసి నీళ్ళతో మొన చూశాను, ఒక్క వెంట్రుక పక్కకి పోలేదు.

భయంగా ఉంది.

జూన్ 24, మంగళవారం

చెక్కమీద ఎస్ రాశాను. గాలి ఎక్కువగా ఉంది.

గాలి లేదు.

జూన్ 25

క్వేకూ మామయ్య గురించి పైన రాసింది అబద్ధం.

ఆయన కుంచెలు పాడవలేదు. చివరి ఏడాది ఆయన రోజుకి నాలుగైదుసార్లు వాటిని కడిగేవాడు. రాసేది లేదు, కడగడమే. మేం కుర్రాళ్ళం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు నన్ను పిలిచి ఈ కుంచె చేతికిచ్చి, "పాడైపోయింది కొబినా, చూడు" అన్నాడు. చెక్కమీద ఒక గీత లాగాను. దారం పట్టి గీసినట్టు వచ్చింది. ఆయన ఆ గీతనీ చూశాడు, నన్నూ చూశాడు. నేనన్నాను, "అవును మామయ్యా, పాడైంది. నాకిచ్చెయ్యి, నేనే బాగుచేసుకుంటాలే." ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఏడు రోజులూ నేను కడిగినట్టు నటించాను. అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెని ఆయనకి కనపడేలా అరుగుమీద కూచుని కడిగాను.

దయతోనే అన్నాను. కానీ తర్వాత ఊరందరికీ నేను ప్రాణం పోశానని చెప్పుకుంది దయతో కాదు.

ఆయన చెయ్యి వణికేది. నా చెయ్యి వణుకుతోంది. రాసేశాను. ఈ పేజీలో అక్షరాలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఇన్నాళ్ళూ పెన్నుని తిట్టుకున్నాను.

జూన్ 26, గురువారం

పొద్దున ఆబాని అడిగాను. "టీ సగమే ఎందుకు పోస్తున్నావు?"

దొకొను ముద్దలు ఆకుల్లో చుడుతోంది. తలెత్తలేదు.

"నిండా పోస్తే ఒలుకుతుంది."

"ఒలికితే?"

"నువ్వు కప్పుని తిడతావు. ఈ ఇంట్లో నువ్వు తిట్టని వస్తువు ఇంకేం మిగిలిందయ్యా? కప్పు బావుండలేదు, బొత్తాం బావుండలేదు, తాళంచెవి బావుండలేదు. ఈస్టరు నుంచి చూస్తున్నా."

"ఈస్టరు నుంచా?"

"అంతకుముందు నుంచే. నువ్వు చెప్తావని చూస్తున్నా." ఆకు మడిచి లోపలికి దోపింది. "పెద్దాసుపత్రికి పోదాం పద అంటే కుంచెని తీసుకెళ్తానంటావేమోనని అడగలేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె మాత్రం ఇంకో ముద్ద తీసుకుంది.

జూన్ 27

ఇవాళ రాయాల్సింది. వాన పడింది. పడవ తడిసింది. వాన పడినందుకు సంతోషించాను. ఇంకా నాలుగు రోజులే ఉంది.

మాన్సా అక్క కబురు పంపింది: "రేపా?"

"రేపే" అన్నాను.

జూన్ 28, శనివారం

తెల్లారి ఎండ కాసింది. ఎఫువాని తోడు రమ్మన్నాను, డబ్బాలు మోయడానికని. నాకు డబ్బాలు మోసేవాళ్ళు అక్కర్లేదని ఆమెకి తెలుసు. దుకాణం మూసి వచ్చింది.

నీలంమీద సుద్దతో గీతలు కొట్టాను. సుద్ద గీతలు వంకరపోతే తుడుచుకోవచ్చు. నాలుగుసార్లు తుడుచుకున్నాను. తర్వాత పసుపు కలిపాను. కుంచె ముంచి, అంచుకి ఒత్తి, మొన తీసి, 'నానా'లో మొదటి అక్షరం దగ్గర నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో. ఒక చుక్క రంగు నా కాలిమీద పడింది.

వెనక ఎఫువా రంగు డబ్బా పట్టుకుని ఉంది. మాన్సా అక్క వలల గుట్ట దగ్గర నిలబడి ఇటే చూస్తోంది.

చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది:

"ఈ కుంచె పాడైపోయింది ఎఫువా. ఒకసారి నువ్వు చూడు."

తీసుకుంది. పడవ అంచుకింద, ఎవరికీ కనపడనిచోట ఒక గీత లాగింది. పొడుగ్గా, ఒకే ఊపిరిలో. ఆ గీతలో ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె ఆ గీతని చూసింది. నన్ను చూసింది.

"అవును మామయ్యా, పాడైంది" అంది. "నాకిచ్చెయ్యి. నేనే బాగుచేసుకుంటాలే."

ఆ మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. ఆబాకి కూడా. మూడురోజుల క్రితం ఈ పుస్తకంలో రాశాను, అంతే. ఈ పుస్తకం ఆమె చూడలేదు, నాకు తెలుసు. తనంతట తానే అంది. నేను క్వేకూ మామయ్య నిలబడ్డచోట నిలబడి ఉన్నాను. ఆయనకి ఆరోజు ఎలా ఉందో ముప్పై ఆరేళ్ళ తర్వాత తెలిసింది. ఆయనకి అంతా తెలుసు. నేను ఏడురోజులు అరుగుమీద నటిస్తుంటే కిటికీలోంచి చూస్తూ, నాకోసం ఆయనా నటించాడు.

ఆయనలా తల ఊపి వెళ్ళిపోవచ్చు. చాలా తేలిక.

"పాడవలేదు" అన్నాను.

"మామయ్యా..."

"కుంచెకేం కాలేదే. నువ్వే కడిగావుగా. నా చెయ్యే." పైకెత్తి చూపించాను. గాలి లేదు, ఫ్యాను లేదు. దాని ఇష్టం వచ్చినట్టు అది ఆడుతోంది. "మా మామయ్యకీ ఇంతే. నువ్వు రాయి. నేను పక్కనుంటా."

కళ్ళు తుడుచుకుంది, బుగ్గమీద పసుపు అంటింది. "పదమూడేళ్ళ క్రితం ఈ మాట అని ఉంటే ఈపాటికి నీ సున్నాలు కూడా నేనే చుట్టేదాన్ని" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

"ఎక్కువ మాట్లాడకు. రంగు ఆరిపోతోంది."

రాసింది. రెండువైపులా. ఎస్ దగ్గర మొదటి మలుపు తిరిగి ఆగకుండా రెండోదాంట్లోకి ఒదిగింది. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె చెయ్యి వంకే చూస్తున్నాను. అదీ మా అమ్మ వైపు చెయ్యే. ఇప్పటికి మాత్రం రాయిలా ఉంది.

జూన్ 29, ఆదివారం

మూడుసార్లు రేవుకి వెళ్ళి వేలు పెట్టి చూశాను. సాయంత్రానికి ఆరింది. మబ్బు పట్టింది గాని కురవలేదు.

జూన్ 30

ఎఫువా రాసిందని ఇంకా ఎవరికీ తెలీదు. మాన్సా అక్క అప్పుడు వలల దగ్గరే ఉంది, కానీ మా వీపులే కనపడి ఉంటాయి. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఎఫువా చెప్పదు.

ఈ మాట ఎందుకు రాస్తున్నానో నాకు తెలుసు.

జూలై 1, మంగళవారం, పండగ

పెద్దపూజారి వల విసిరాడు. చేపలు నిండుగా పడ్డాయి. డప్పులు, తుపాకులు, జనం. పడవలు బారులు తీరాయి. నానా ఎసీ వంతెన దాటి వస్తుంటే ఎండ సరిగ్గా పసుపు అక్షరాలమీద పడింది. గట్టుమీద మాన్సా అక్క తన తల్లి కుర్చీ వేయించింది, దానిమీద ఎవర్నీ కూచోనివ్వలేదు. పేరు కుర్చీ ముందుకి వచ్చేసరికి ఆవిడ భోరుమంది. అంత పెద్ద నోరు చిన్నపిల్లలా ఏడ్చింది.

ఫీఫీ నా వీపు చరిచాడు. "బాబాయ్, ఆ ఎస్ చూడు! ఇరవై రెండేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు నువ్వు!"

చుట్టూ పదిమంది. అందరూ అవునన్నారు. ఎఫువా రెండడుగుల దూరంలో నిలబడి కాలవలోకే చూస్తోంది. నేను అప్పుడు నోరు మూసుకుంటే సరిపోయేది.

"నేను రాయలేదు" అన్నాను, గట్టిగా, డప్పులమీద వినపడేలా. "మా మేనకోడలు రాసింది. నా చేతులు వణుకుతున్నాయి."

మాన్సా అక్క ముక్కు చీదుకుని నావైపు తిరిగింది.

"తెలుసులే. వలల దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నా. నువ్వు చెప్తావా, లేక నీ ఎస్ అని ఊరేగుతావా అని మూడ్రోజుల్నుంచి కనిపెడుతున్నా." ఎఫువాని దగ్గరికి లాక్కుంది. "ఒసే, మా అమ్మ ఉంటే తన చేత్తో నీకు అన్నం పెట్టేది. ఆవిడ లేదు. పద, నేను పెడతా."

జూలై 3, గురువారం

నిన్న కేప్ కోస్ట్ పెద్దాసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కాగితంమీద గుండ్రంగా ఒక చుట్ట గీయమన్నాడు. గీశాను. ఆబా పక్కనుంచి, "నలభై ఏళ్ళు సున్నాలు చుట్టాడు డాక్టరుగారూ, వంకరపోయినదొక్కటీ మీకోసం దాచుకున్నట్టున్నాడు" అంది. మాత్రలిచ్చాడు. తగ్గుతుందని చెప్పలేదు, కుదురుతుందేమో చూద్దామన్నాడు.

ఎఫువా కొట్టుముందు పేర్లు రాయడానికి రెండు పడవల చెక్కలు వచ్చి ఉన్నాయి. సాయంత్రం నా పెరట్లోనే కుంచె కడుక్కుంది. మొదటి డబ్బాలో మరీ ఎక్కువసేపు ఉంచుతోంది. చెబుదామని లేచి, మళ్ళీ కూచున్నాను. బాగానే కడుగుతోంది.

ఆబా టీ తెచ్చింది. కప్పు నిండా పోసింది. పుచ్చుకునేలోపే పావువంతు చొక్కామీద పడింది.

కప్పుని తిట్టలేదు. మిగిలింది తాగాను.